వెల్డింగ్ మెషీన్ కథ: బడి గేటు నుంచి ఇంటి షెడ్డు దాకా

మేం ఏడో తరగతిలో ఉండగా మన బడికి ఇనప గేటు పెట్టారు. అంతకుముందు అక్కడ వెదురు తడిక ఉండేది. ఎద్దుల బండి మీద ఓ పెద్ద ఇనప పెట్టె వచ్చింది. నలుగురు పడితే గానీ దిగలేదు. లైన్‌మన్ స్తంభం ఎక్కి మూడు ఫేజుల్లో రెండింటి నుంచి దానికి కనెక్షన్ ఇచ్చాడు. పెట్టె ఝుమ్మని మోగడం మొదలుపెట్టింది. "చూడకండిరా, కళ్లు పోతాయి" అని డ్రిల్లు మాస్టారు తరుముతూనే ఉన్నారు, మేం గోడ చాటు నుంచి చూస్తూనే ఉన్నాం. ఆ రాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు ఒకటే మంట. మా అమ్మ బంగాళదుంప ముక్కలు కోసి కళ్ల మీద పెట్టి కూర్చుంది. మర్నాడు క్లాసులో సగం మందివి ఎర్ర కళ్లే. మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు ఆ బ్యాచ్‌లో చాలామందిమి రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డాం. కొందరు పెరట్లో చిన్న షెడ్డు వేసుకుని గ్రైండరు, డ్రిల్లింగ్ మెషీన్ కొనుక్కున్నారు. "ఏ వెల్డింగ్ మెషీన్ కొనమంటావురా?" అని నన్ను అడిగినవాళ్లు ఈ రెండేళ్లలో అయిదారుగురు ఉన్నారు. ఎలక్ట్రికల్ ఇంజనీరును కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. నాకూ తెలుసనే అనుకునేవాణ్ణి, రెండేళ్ల కిందటి సంక్రాంతి దాకా. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు ఆ పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. అది తెలియకపోతే అంగడిలో కనిపించే మెషీన్లలో ఏది ఎందుకు ఉందో బోధపడదు.

ఇనుముకు ఇనుము అతకడం మనకు కొత్త కాదు. మా చిన్నప్పుడు కమ్మరి బండి చక్రానికి పట్టా వేసేటప్పుడు రెండు కొసల్నీ కొలిమిలో తెల్లగా కాల్చి, పైన ఇసుకో వెలిగారమో చల్లి, దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టేవాడు. ఆ ఇసుక ఊరికే చల్లేది కాదు. కాలిన ఇనుము మీద పట్టిన తుప్పు పొరతో కలిసి అది గాజులా కరుగుతుంది. దెబ్బ పడగానే ఆ మురికి పక్కకు చిమ్ముకుపోయి, శుభ్రమైన లోహానికి శుభ్రమైన లోహం తగులుతుంది. వేడి ఒక్కటే చాలదు, అతుకు దగ్గర మురికి ఉండకూడదు, గాలి సోకకూడదు. వెల్డింగ్ చరిత్ర చాలావరకు ఈ సంగతిని మళ్లీ మళ్లీ కనిపెట్టడమే.

కరెంటు మెరుపు మాత్రం 19వ శతాబ్దపు సరుకు. రష్యాలో పెత్రోవ్, ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఆ శతాబ్దం మొదట్లోనే పెద్ద బ్యాటరీలు పెట్టి రెండు బొగ్గు కడ్డీల మధ్య మెరుపు సాగేలా చేశారు. అడ్డంగా పెట్టిన కడ్డీల మధ్య అది విల్లులా పైకి వంగేది. ఆర్క్ అనే పేరు అందుకే వచ్చింది. దాన్ని అతుకు పనికి దించినవాడు నికొలాయ్ బెనర్దోస్. 1881లో పారిస్‌లో బొగ్గు కడ్డీతో ఈ పని చేసి చూపించాడు. 1885లో ఓల్షెవ్‌స్కీతో కలిసి బ్రిటన్‌లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఆ పద్ధతికి గ్రీకుల కమ్మరి దేవుడు హెఫెస్టస్ పేరు పెట్టుకున్నాడు. మనవాడైతే విశ్వకర్మ పేరు పెట్టేవాడేమో.

1888లో నికొలాయ్ స్లావ్యానోవ్ అనే మరో రష్యన్, పెర్మ్‌లోని ఫిరంగుల కర్మాగారంలో బొగ్గు కడ్డీకి బదులు లోహపు కడ్డీనే వాడాడు. మెరుపు పుట్టించేదీ అదే, కరిగి సందు నింపేదీ అదే. బ్యాటరీలు తీసేసి నేరుగా డైనమోకు కలిపాడు. నేటి వెల్డింగ్ మెషీన్‌కు ముత్తాత ఆ డైనమోయే అనుకోవచ్చు. అమెరికాలో కాఫిన్ దాదాపు అదే పద్ధతికి 1890లో పేటెంటు తీసుకున్నాడు.

అయినా అతుకులు పెళుసుగానే ఉండేవి. ఒట్టి కడ్డీ కరిగేటప్పుడు గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ అందులోకి దూరేవి. ఈ చిక్కు విప్పినవాడు ఆస్కార్ షెల్‌బెర్గ్ అనే స్వీడన్ మెరైన్ ఇంజనీరు. గోథెన్‌బర్గ్ రేవులో ఓడల బాయిలర్లు రివెట్ల దగ్గర కారుతుంటే వాటికి మరమ్మతులు చేసేవాడు. ఇనప తీగను కార్బొనేట్లు, సిలికేట్లు కలిపిన చిక్కటి ముద్దలో ముంచి ఆరబెట్టి వాడాడు. ఆ పూత కాలి పొగ అయి గాలిని దూరంగా నెడుతుంది. మిగిలింది స్లాగ్‌గా మారి అతుకు మీద దుప్పటిలా పరుచుకుంటుంది. మన కమ్మరి చల్లిన ఇసుక ఇక్కడ రాడ్డుకే అంటుకుని వచ్చిందన్నమాట. 1904లో ఆయన పెట్టిన కంపెనీయే ఈసాబ్. ఇప్పటికీ మన షాపుల్లో ఆ రాడ్ల పెట్టెలు దొరుకుతాయి.

దీని వల్ల ఇంకో మేలు జరిగింది. మన లైన్లలో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. వచ్చినప్పుడల్లా మెరుపు ఆరిపోవాలని చూస్తుంది. ఒట్టి కడ్డీతో నిలబెట్టడం బ్రహ్మప్రళయం. పూతలో పొటాషియం లవణాలు కలిపితే మెరుపు తేలిగ్గా మళ్లీ అంటుకుంటుంది. దాంతో తిరిగే డైనమో అవసరం తప్పింది. కదిలే భాగాలు లేని ట్రాన్స్‌ఫార్మర్ చాలు. బడి గేటు దగ్గర ఝుమ్మన్న పెట్టె అదే. చవక, మొండిది, వానలో తడిసినా మర్నాడు పని చేసే రకం.

యుద్ధాలు ఈ విద్యను తొందరపెట్టాయి. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు, అక్కడి రేవుల్లో చిక్కుకున్న జర్మన్ ఓడల ఇంజన్లను వాటి సిబ్బందే పగలగొట్టారు. ఆ పోత ఇనుము సిలిండర్లను కొత్తవి తెప్పించకుండా ఆర్క్ వెల్డింగ్‌తో అతికి, అవే ఓడల్లో అమెరికా తన సైనికుల్ని యూరప్‌కు పంపింది. రెండో యుద్ధంలో 2,710 లిబర్టీ ఓడలు, రివెట్లకు బదులు చాలావరకు వెల్డింగ్‌తోనే కట్టారు. వాటిలో కొన్ని పగిలాయి. అన్నిటికన్నా భయపెట్టింది స్కెనెక్టడీ అనే ట్యాంకర్. 1943 జనవరి 16 రాత్రి పోర్ట్‌లాండ్ రేవులో, తుపాను లేదు, అలల్లేవు, కట్టి ఉన్నచోటే పెళ్లుమని దాదాపు రెండు ముక్కలైంది. జనం వెల్డర్లను తిట్టారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిపర్ అనే ఆవిడ పరిశోధించి, ఆ రకం ఉక్కు చలికి పెళుసెక్కుతుందని తేల్చింది. రివెట్ల ఓడలో పగులు రేకు అంచు దగ్గర ఆగుతుంది. వెల్డింగ్ ఓడ అంతా ఒకే రేకు లాంటిది కాబట్టి ఆగదు. నాసి అతుకులూ లేకపోలేదు.

మన దేశంలో 1951లో అద్వానీ-ఓర్లికాన్ రాడ్ల తయారీకి మొదలైంది. బాయిలర్లకు పేరుపడ్డ తిరుచిరాపల్లి బీహెచ్‌ఈఎల్‌లో 1975లో వెల్డింగ్ పరిశోధన సంస్థ పెట్టారు. ఊళ్లలో మాత్రం చాన్నాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెదే రాజ్యం. దానికి రెండు ఫేజులు ఎందుకు కావాలో లెక్క వేస్తే తెలుస్తుంది. రాడ్డు దగ్గర 80 ఆంపియర్లు కావాలి, ఖాళీగా ఉన్నప్పుడు పెట్టె ఇచ్చేది 70 ఓల్టులు అనుకుందాం. ఇంటి 230 ఓల్టుల మీద అది సుమారు 24 ఆంపియర్లు లాగుతుంది. మీ 16 ఆంపియర్ల ప్లగ్గు తట్టుకోదు. అదే రెండు ఫేజుల మధ్య 415 ఓల్టుల మీద అయితే 14 లోపే. అందుకే లైన్‌మన్ స్తంభం ఎక్కాడు.

ఇంటి షెడ్డుకు వెల్డింగ్ వచ్చిందంటే ఇన్వర్టర్ వల్లే. లైన్ కరెంటును ముందు డీసీ చేసి, దాన్ని సెకనుకు పదుల వేల సార్లు కోసి, అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతారు. ఎంత వేగంగా కోస్తే ఇనప గుండె అంత చిన్నదైనా సరిపోతుంది. నలుగురు మోసిన పెట్టె ఇప్పుడు అయిదారు కిలోలై భుజానికి తగులుతోంది. ఆ కోసే పని చేసేది ఐజీబీటీ అనే స్విచ్చి. 1980 ప్రాంతంలో జనరల్ ఎలక్ట్రిక్‌లో దాన్ని రూపొందించినవాడు జయంత్ బాలిగా. మద్రాసులో పుట్టి, అక్కడి ఐఐటీలో 1969లో పట్టా పుచ్చుకున్నాడు. ఈ ముక్క మన పిల్లలకు సైన్స్ క్లాసులో చెబితే బావుంటుంది.

ఇక సంక్రాంతి సంగతి. నేను కొన్నదీ ఇన్వర్టరే. ముందువైపు పెద్దక్షరాలతో 200 అని ఉంది. ఊళ్లో మా అన్నయ్య మనవరాలికి ఉయ్యాల చేద్దామని పైపులు కోసి, మీటలో 110 ఆంపియర్లు పెట్టి, 3.15 రాడ్డుతో కొక్కేలు అతికాను. కరెంటు ఇంట్లోంచి 30 మీటర్ల సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద తెచ్చాను. సాయంకాలం మోటార్లన్నీ నడుస్తున్న వేళ ఓల్టేజి ఎంతుందో చూడలేదు. రాడ్డు అస్తమానం అంటుకుపోతుంటే నా చెయ్యి తిరగలేదనుకున్నాను. అతుకు ఎగుడుదిగుడుగా వస్తే గ్రైండరు పెట్టి నున్నగా చేసి, సిల్వర్ పెయింటు వేశాను. చూడ ముచ్చటగా ఉంది. కనుమ నాడు పిల్ల ఊగుతుండగా ఒక కొక్కెం ఊడింది. మోచెయ్యి విరిగింది. రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు.

విరిగిన ముక్క పట్టుకుని రోడ్డు మీద వెల్డింగ్ షాపున్న మన బ్యాచ్ మిత్రుడి దగ్గరికి వెళ్లాను. ఎనిమిదితో బడి మానేసి, మన గేటు అతికిన ఆయన దగ్గరే పనికి కుదిరినవాడు. పదో తరగతి పాసైనవాళ్లనే రాసుకున్నాం కాబట్టి మన సంఘం జాబితాలో అతని పేరు లేదు. ముక్కను వెలుతురులోకి తిప్పి చూశాడు. విరిగినచోట సగం మేర పైపు మీది నల్లపొర అలాగే ఉంది.

"ఒరే ఇంజనీరూ, ఇది అతకలేదురా. ఆనుకుంది, అంతే" అన్నాడు.

వైరు ఎంత పొడుగు, ఎంత సన్నం, ఎన్నింటికి చేశావు అని అడిగాడు. సబ్‌స్టేషన్లలో ఓల్టేజి తగ్గుదల లెక్కలు వేసి ముప్పై ఏళ్లు జీతం తీసుకున్నవాణ్ణి నేను. నా సొంత షెడ్డులో ఆ లెక్క వెయ్యలేదు. తరవాత మీటరు పెట్టి చూస్తే మెషీన్ దగ్గర 170 ఓల్టులు కూడా లేవు. మీటలో 110 అని పెట్టినంత మాత్రాన రాడ్డుకు 110 అందుతుందని లేదు.

కాబట్టి అడిగిన మిత్రులకు నా జవాబు ఇది. గేట్లు, కిటికీ ఊచలు, స్టాండ్లకు ఇన్వర్టర్ రాడ్డు మెషీనే తీసుకోండి. మిగ్ మెషీన్ పలచటి రేకులకు హాయిగా ఉంటుంది గానీ గ్యాసు సిలిండరు తంటా ఉంది, పెరట్లో గాలికి ఆ గ్యాసు నిలవదు. టిగ్ స్టీలు, అల్యూమినియం పనివాళ్లకు. ముందువైపు అంకెను నమ్మకండి, వెనక రేకు మీద డ్యూటీ సైకిల్ చదవండి. 160 దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే, అదీ 40 డిగ్రీల వేడిలో. మన మే నెల అంతకన్నా ఎక్కువే. రేకు మీద ఆ వివరం లేని మెషీన్ నేనైతే ముట్టను. తక్కువ ఓల్టేజిలో ఎంతవరకు పని చేస్తుందో అడగండి. 16 ఆంపియర్ల ప్లగ్గు మీద 2.5 రాడ్డుతో 80 ఆంపియర్ల పని సాఫీగా చేసుకోవచ్చు. 3.15 రాడ్డుతో 120 కావాలంటే విడిగా లైను లాగించుకోవాలి. మెషీన్‌లో మిగిల్చిన డబ్బు లావుపాటి కేబులు మీద, మంచి ముసుగు మీద పెట్టండి. కళ్ల మంట సంగతి మనకు ఏడో తరగతిలోనే తెలుసు. మనిషి బరువు మోసే అతుకు మాత్రం చెయ్యి తిరిగినవాడికి ఇవ్వండి. ఇంకెవరికీ చెప్పలేకపోయినా నాకు నేను పెట్టుకున్న నియమం అది.

ఉయ్యాలకు కొత్త కొక్కేలు మిత్రుడే వేశాడు. డబ్బులు తీసుకోలేదు. వెల్డింగ్‌తో పాటు పైపుకు అడ్డంగా బోల్టు కూడా దించి, తనే ఎక్కి ఓ పావుగంట ఊగాడు. పిల్ల ఇంకా దాని మీద కూర్చోలేదు. దూరం నుంచి చూసి వెళ్లిపోతుంది.

అతని షెడ్డులో ఓ మూల గోనెసంచి కప్పి పాత పెట్టె కనిపించింది. గురువు పోయాక వాళ్లింట్లోవాళ్ల దగ్గర కొన్నాడట. ఇప్పుడు తనూ ఇన్వర్టర్లే వాడుతున్నాడు. లోపలి రాగి కోసం పాతసామాన్లవాళ్లు ఏటా అడుగుతారట, ఇవ్వలేదు. స్వర్ణోత్సవం రోజుల్లో దాన్ని మన సైన్స్ గదిలో పెడదామంటే ఒప్పుకున్నాడు. ముందురోజు సాయంత్రం తీసుకురావాలి. మోయడానికి నలుగురు కావాలి. నేను ఒకణ్ణి. మా బ్యాచ్‌లో నడుం నొప్పి లేనివాళ్లు మరో ముగ్గురు పేర్లు ఇవ్వండి.