సాన్ క్లోద్ పైపు

ఫ్రాన్స్ తూర్పున జురా కొండల్లోని సాన్ క్లోద్ పట్టణంలో, కార్ఖానాల్లో తయారయ్యే పొగాకు పైపు. ఇక్కడి చెక్క పనివారు మొదట యాత్రికుల కోసం జపమాలలు, చిన్న చిన్న వస్తువులు చేసేవారు. 19వ శతాబ్ది మధ్యలో బ్రియర్ చెక్క అందడంతో ఊరి దశ తిరిగింది. మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద మొదట్లో, నేలలో ఊరే గడ్డే బ్రియర్. నిప్పుకు అంత సులువుగా కాలదు. అదే దాని గొప్ప.

గడ్డను కోసి, గంటల తరబడి ఉడికించి పసరు తీస్తారు. ఆపైన నెలల తరబడి ఆరబెడతారు. తొందరపడితే చెక్క పగులుతుంది. గిన్నె, కాడ ఒకే ముక్కలో మలుస్తారు. కాడలోని పొగదారి సరిగ్గా గిన్నె అడుగున తేలేలా తొలవడమే అసలు పనితనం. అది గురి తప్పితే ఎంత మెరుగుపెట్టినా ఆ పైపు అలంకారానికే. నోట పెట్టుకునే కొసను ఎబొనైట్‌తోనో అక్రిలిక్‌తోనో చేస్తారు. మచ్చలేని నున్నటి పైపుకు ధర ఎక్కువ. చిన్న లోపాలున్నవాటిపై ఇసుక చిమ్మి గరుకు చేస్తారు. ఆకు చుట్టి అంటించుకునే చుట్ట ఎరిగిన మనకు ఇంత శ్రమ వింతే.

సిగరెట్ల వాడకం పెరిగాక గిరాకీ పడిపోయి చాలా కార్ఖానాలు మూతపడ్డాయి. ఈ పట్టణంలో పైపులకూ వజ్రాలకూ కలిపి ఒకే మ్యూజియం ఉంది.