ఫోన్‌లో సెనేట్ ఓటు: బ్లాక్‌చైన్ ఉంటే సరిపోతుందా?

ముంబయి విశ్వవిద్యాలయ సెనేట్‌లో 10 మంది సభ్యులను నమోదైన పట్టభద్రులే ఎన్నుకుంటారు. మీరు చదివింది ఒక ఊరు, ఉద్యోగం మరో ఊరు అయితే ఇలాంటి ఓటు కోసం ప్రయాణం చేయాలి. బ్లాక్‌చైన్‌తో ఇంటి నుంచే ఓటు వేయొచ్చన్న ఆలోచన అందుకే ఆకర్షిస్తోంది. సరే అనేముందు ఇవి తెలుసుకోండి.

బ్లాక్‌చైన్ ఏం చేస్తుంది?

ఓట్ల రికార్డు ఒకే సర్వర్‌లో కాకుండా పలు కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. ప్రతి నమోదూ ముందున్న దానితో గణితపరంగా ముడిపడి ఉంటుంది. మధ్యలో ఒకటి మార్చితే తర్వాతివి సరిపోలవు. ఆ కంప్యూటర్లన్నీ ఒకే కార్యాలయం చేతిలో ఉంటే మాత్రం ఈ రక్షణ నామమాత్రమే.

ఎక్కడైనా వాడారా?

2021 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్ట్‌ఫోన్ ఓటింగ్‌ను ప్రయోగాత్మకంగా పరీక్షించింది. అందులో బ్లాక్‌చైన్ ఉంది. 2019లో మాస్కో నగర మండలి ఎన్నికలకూ బ్లాక్‌చైన్ వాడారు. పోలింగ్‌కు ముందే ఫ్రెంచ్ పరిశోధకుడు పియరిక్ గోద్రీ అందులోని ఎన్‌క్రిప్షన్ బలహీనమని నిరూపించారు. లోపం గొలుసులో కాదు, ఓటును దాచే తాళంలో ఉంది.

బ్లాక్‌చైన్ లేకుండానూ సాధ్యమే. బెల్జియంలోని యూసీ లూవాన్ విశ్వవిద్యాలయం 2009లో తన అధిపతిని హీలియోస్ అనే ఆన్‌లైన్ విధానంలో ఎన్నుకుంది. తన ఓటు లెక్కలో చేరిందో లేదో ఓటరే సరిచూసుకోవచ్చు.

దేన్ని కాపాడలేదు?

బ్లాక్‌చైన్ కాపలా ఓటు నమోదయ్యాకే మొదలవుతుంది. ఫోన్‌లో మాల్‌వేర్ చేరి ఓటు మార్చితే, ఆ తప్పుడు ఓటే భద్రంగా ఉంటుంది. ఒత్తిడి మరో సమస్య. పోలింగ్ బూత్‌లో చాటు ఉంటుంది, హాస్టల్ గదిలో ఉండదు. గైడ్ సంతకం కోసం ఎదురుచూసే పరిశోధక విద్యార్థి, ఆయన ఎదుటే ఓటు వేయాల్సి వస్తే కాదనగలరా? ఎస్తోనియా దీనికి ఒక దారి చూపింది. అక్కడ ఆన్‌లైన్ ఓటును మళ్లీ వేయొచ్చు, చివరిదే లెక్క.

మీ విశ్వవిద్యాలయాన్ని ఏం అడగాలి?

• రికార్డు ఉంచే కంప్యూటర్లు ఎవరెవరి చేతుల్లో ఉంటాయి? పోటీచేసే పక్షాలకూ ఒకటి ఇస్తారా?
• నా గుర్తింపును, ఓటును ఎలా విడదీస్తారు?
• ఎవరికి వేశానో బయటపడకుండా, నా ఓటు చేరిందని నేను సరిచూసుకోగలనా?
• ఓటు మార్చుకునే వీలుందా?
• బయటి నిపుణులు పరీక్షించారా? నివేదిక బహిరంగమేనా?

వీటికి రాతపూర్వకంగా జవాబు కోరండి. అది వచ్చేదాకా బూత్‌లో ఓటు వేసే అవకాశాన్ని తీసేయొద్దని అడగండి.