చప్పుడును తాగే బట్ట



షోలాపూర్‌లోని అశోక్ చౌక్ పేరు మన సరిహద్దు జిల్లాల్లో చాలామంది విన్నదే. ఎవరి మేనమామో, ఎవరి వియ్యంకుడో అక్కడ మగ్గాన్ని నమ్ముకుని బతికినవాడే. నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలీలు బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ ఊరు చేరారు. 1877లో అక్కడ పెద్ద నూలు, బట్టల మిల్లు వెలిసింది. ఒకవైపు మిల్లులు పెరిగాయి, మరోవైపు ఇళ్లలో చేతిమగ్గాలు ఆడాయి, తరువాత మరమగ్గాలు వచ్చాయి. ముందు గదిలో మగ్గం, వెనుక గదిలో సంసారం. అక్కడి పిల్లలు నాడె చప్పుడులోనే నిద్రపోయారు, దాని మధ్యనే చదువుకున్నారు.

ఇప్పుడు అలాంటి గదిలోంచి మగ్గం తీసేశారనుకుందాం. ఖాళీ అయిన ఆ చోట పెద్ద తెర, నాలుగు స్పీకర్లు పెట్టి ఇంట్లోనే సినిమా చూడాలని కొడుకు ముచ్చటపడ్డాడు. డబ్బంతా పెట్టెలకే పోసి బిగించాక చూస్తే మాట ఒక్కటీ తెలియదు, అంతా గింగురుమంటుంది. తప్పు పెట్టెలదా? కాదు, గదిది. కింద షాబాదు బండలు, చుట్టూ సిమెంటు గోడలు, పైన రేకులు. తగిలిన ధ్వనిని ఇవన్నీ తిప్పి కొడతాయి. ఒక మాట చెవిలో పడేలోపే వెనకటి మాట గోడకు తగిలి మళ్లీ వస్తుంది.

ఈ చిక్కును మొదట లెక్కగట్టినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు వాలెస్ సబీన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో ఎవరేం చెప్పినా అర్థమయ్యేది కాదు. ధ్వని ఆగిన తరువాత కూడా సుమారు అయిదున్నర సెకండ్లు మోగుతూనే ఉండేది. సబీన్ ఏం చేశాడు? పక్కనున్న నాటకశాలలోని కుర్చీల పరుపులు రాత్రిపూట మోయించి తెచ్చి గదిలో పరిచాడు. కొన్ని పరిచి కొలిచాడు, మరికొన్ని పరిచి మళ్లీ కొలిచాడు. తెల్లవారేసరికి వాటిని యథాస్థానానికి చేర్చేవాడు. పరుపులు పెరిగేకొద్దీ మోత తగ్గింది. తాను తొడుక్కున్న బట్టలు కూడా లెక్కను మారుస్తున్నాయని గమనించి, రోజూ ఒకే దుస్తులతో కొలతలు తీశాడు. ఆ లెక్కల ఆధారంగానే 1900లో బోస్టన్ సింఫనీ హాలు తయారైంది.

అంటే ఏమిటి? ధ్వనిని తాగేది బట్ట. ఆ బట్టే షోలాపూర్ సొత్తు. షోలాపూర్ చద్దరుకు, టెర్రీ టవలుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు దక్కింది. టవలు మీద నిలబడే నూలు ఉంగరాల మధ్య గాలి ఆడుతుంది. ధ్వని ఆ సందుల్లో దూరి, రాపిడికి లోనై, నీరసిస్తుంది. మందపాటి చద్దరు చేసేదీ అదే పని. దాన్ని గోడకు అతికించినట్టు కాక, నాలుగు వేళ్ల ఎడం వదిలి, గోడ వెడల్పుకు రెట్టింపు బట్టతో మడతలు పడేలా వేలాడదీయండి. నేల మీద జంపఖానా పరవండి. అయితే నూలు బట్ట నిప్పును ఇట్టే అందుకుంటుంది కనుక కరెంటు తీగలకు, వేడెక్కే పెట్టెలకు దూరంగా ఉంచాలి.

గది కొలతలు కూడా చూసుకోవాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉన్న గదిలో లోగొంతు ధ్వనులు కొన్నిచోట్ల మితిమీరి మోగుతాయి, మరికొన్నిచోట్ల అసలే వినబడవు. పదడుగుల ఎత్తుకు పద్నాలుగు అడుగుల వెడల్పు, పంతొమ్మిది అడుగుల పొడవు చక్కని పొత్తు. తెర చిన్న గోడ వైపు ఉండాలి. కుర్చీని వెనుక గోడకు ఆనించకండి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. బట్ట గది లోపలి మోతను తగ్గిస్తుందే కాని, గోడ దాటే చప్పుడును ఆపదు. దాన్ని ఆపేది బరువు. మందమైన గోడ, సందులేని తలుపు, కంతలు లేని కిటికీ కావాలి. అశోక్ చౌక్ వంటి చోట ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి. మీరు పగలు సినిమా పెట్టుకునే వేళ, రాత్రి పాళీ చేసిన నేతగాడు గోడ అవతల నిద్రపోతుండవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ దాటరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి.

మరో మాట. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేస్తే వినికిడి దెబ్బతింటుంది. మరమగ్గాల షెడ్డుల్లో మోత అంతకు మించే ఉంటుంది. చెవులకు రక్షణ లేకుండా నలభై ఏళ్లు మగ్గం నడిపిన తండ్రికి సినిమాలో మాటలు సరిగా వినబడకపోతే, కొడుకు ధ్వని పెంచుతాడు. పెంచడం కాదు చేయవలసింది. గదిలో మోత తగ్గిస్తే మాట విడివిడిగా వినిపిస్తుంది, తక్కువ ధ్వనిలోనే అందుతుంది. అప్పటికీ అందకపోతే చెవుల వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి.

అందుకే ముందు గోడలు, తరువాత బట్ట, ఆపైనే పెట్టెలు. ఆ పెద్దాయన తన చేతులతో నేసిన చద్దరు గోడకు వేలాడుతూ, ఇన్నాళ్లూ ఆయన చెవులను బాధించిన చప్పుడును ఇప్పుడు తాను తాగుతుంటే, ఆ గదికి అంతకన్నా మంచి అలంకారం ఏముంటుంది?