చెకుముకి సంచిలో అసలు సరుకు

చెకుముకి అనగానే మనకు రాయి గుర్తొస్తుంది. అగ్గిపెట్టె లేని రోజుల్లో చుట్ట ముట్టించాలన్నా, నెగడు వేసుకోవాలన్నా రాయీ ఉక్కుముక్కా ఉంటే చాలనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఓసారి పలుగురాయి, అరిగిపోయిన ఆకురాయి పట్టుకుని పెరట్లో కూర్చున్నాను. రవ్వలు బాగానే రాలాయి. కింద పెట్టిన పత్తిదూదికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

రవ్వంటే రాయి గీరిన ఉక్కు రజను. గాలి తగిలి భగ్గుమని, రెప్పపాటులో ఆరిపోతుంది. ఆలోపే దాన్ని అందుకునే సరుకు ఉండాలి. పాతవాళ్ల కష్టమంతా దాన్ని తయారు చేసుకోవడంలోనే ఉంది.

ఆల్ప్స్ పర్వతాల్లో 3,210 మీటర్ల ఎత్తున, 1991 సెప్టెంబరు 19న మంచులో బయటపడిన ‘ఓట్జీ’ అనే పాతకాలపు మనిషి శవం నడుము సంచిలో ఆ సరుకు దొరికింది. అతను చనిపోయి సుమారు 5,300 ఏళ్లు. బీచ్, బర్చ్ మానులకు గుర్రపుడెక్కలా అతుక్కుని పెరిగే పుట్టగొడుగు అది. దాని పీచులో పైరైట్ నలుసులు కనిపించాయి. అతని కాలానికి ఉక్కు లేదు కదా, పైరైట్‌ను చెకుముకి రాయితో కొట్టేవారు.

యూరప్ పల్లెల్లో ఈ పుట్టగొడుగు పైపెంకు ఒలిచి, లోపలి గోధుమరంగు పొరను కోసి, సురేకారపు నీళ్లలో నానబెట్టి, మఖమల్ గుడ్డలా అయ్యేదాకా సుత్తితో సాగగొట్టేవారు. రుమేనియాలోని కోరుండ్ ఊళ్లో ఇప్పటికీ దాన్ని సాగగొడతారు, కానీ టోపీలు కుట్టడానికి!

పుట్టగొడుగు దొరకనివాళ్లకు పాతగుడ్డే గతి. రేకు డబ్బా మూతకు మేకుతో బెజ్జం కొట్టి, లోపల నూలుగుడ్డ పీలికలు పెట్టి పొయ్యి మీద పెట్టాలి. బెజ్జంలోంచి పొగ రావడం ఆగాక దించి, పూర్తిగా చల్లారనివ్వాలి. నేను ఆత్రంగా మూత తీశాను. గాలి తగిలి పీలికలన్నీ బూడిదయ్యాయి. రెండోసారి ఓపిక పట్టాను. నల్లగా, ముట్టుకుంటే చిట్లేలా వచ్చాయి. వాటి మీద రవ్వ పడగానే ఆవగింజంత ఎర్రచుక్క లేచి, చప్పుడు లేకుండా అంచులకు పాకింది. మంట మాత్రం రాదు. దాన్ని కొబ్బరిపీచు గూట్లో పెట్టి, కళ్లలో నీళ్లు కారేదాకా ఊదాలి.

1827లో ఇంగ్లండ్‌లో స్టాక్టన్ ఊరి మందులషాపు యజమాని జాన్ వాకర్ గీస్తే మండే పుల్లల్ని అమ్మడం మొదలుపెట్టాక ఈ పని మెల్లగా మూలపడింది.

అంతకుముందు నిప్పు పుట్టించడంలో ఇంత తంటా ఉండేది గనకే, ఉన్న నిప్పును ఆరనివ్వకపోవడమే తేలికనుకున్నారు జనం. మన ఊళ్లలో ఆడవాళ్లు పక్కింటికెళ్లి పిడక మీద నిప్పు తెచ్చుకునేవారు. ఆ కొండల్లో ఓట్జీకి పక్కిల్లు లేదు. అతని దగ్గర బర్చ్ బెరడుతో కుట్టిన డబ్బా ఒకటి ఉంది. అందులో బొగ్గు తునకలు, వాటికి చుట్టిన మేపుల్ ఆకులు దొరికాయి. పచ్చిగా ఉండగా కోసినవే. నిప్పును వాటిలో చుట్టి వెంట తీసుకుపోయాడు.