అడుగుకీ అడుగుకీ తేడా

కొలతల సంగతి మన ఆడవాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పాత లెక్కలో తులం బంగారమంటే 11.66 గ్రాములు. ఇప్పుడు చాలా ఇళ్ళలో తులమంటే పది గ్రాములే. మాట ఒకటే, బరువు వేరు. అమ్మమ్మ కాగితంలో "అయిదు తులాల గొలుసు" అని ఉంటే, అది ఏ తులమో తేల్చుకోకుండా పంపకాలకి కూచున్నారనుకోండి, ఎనిమిది గ్రాములు, అంటే ఒక కాసు బంగారం లెక్కలోనే గల్లంతు! అక్కచెల్లెళ్ళకి మాటపట్టింపులు మిగులుతాయి.

రోడ్లు వేసేవాళ్ళకీ ఇదే చిక్కని మా అమ్మాయి చెబితే భలే ఆశ్చర్యమేసింది. అది రోడ్ల డిజైన్ కంపెనీలో పనిచేస్తుంది. కంప్యూటర్లో గీసిన రోడ్డుని, సర్వేవాళ్ళ మిషన్‌కి అర్థమయ్యే మరో రకం ఫైలుగా మార్చడం దాని పనుల్లో ఒకటి.

"ఇటున్న బొమ్మని అటు పంపడానికి అంత అవస్థ దేనికే?" అన్నాను.

"బొమ్మ వెళ్తుందమ్మా, అర్థమే వెనక ఉండిపోతుంది" అంది.

ఆ మాట పట్టుకుని కాస్త చరిత్ర తిరగేశాను.

ఇంగ్లండులో 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఆయన భూమి కొలవడానికి 66 అడుగుల గొలుసు తయారుచేశాడు. దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. మనవాళ్ళు "నాలుగు సెంట్ల స్థలం" అంటారే, ఆ సెంటు సరిగ్గా వెయ్యి చదరపు లింకులు! ఆంధ్రలో సెంట్లు, తెలంగాణలో గుంటలు. రెండున్నర సెంట్లు ఒక గుంట. వియ్యాలవారు చెరో వైపువారైతే, కట్నకానుకల మాట రాకముందే ఈ లెక్క కుదుర్చుకోవాలి మరి.

అడుగైనా అందరికీ ఒకటే కదా అనుకుంటాం. అదీ కాదు! 1959లో కొన్ని దేశాలు కలిసి అడుగంటే 0.3048 మీటరని ఖాయం చేసుకున్నాయి. అమెరికాలో భూమి సర్వేకి మాత్రం 1893 నాటి పాత అడుగునే ఉంచుకున్నారు. రెండిటికీ తేడా పది లక్షల అడుగులకి రెండడుగులు. ఇంటి స్థలం కొలిస్తే కంటికి కూడా ఆనదు. కానీ సర్వేలో ప్రతి చోటునీ ఎక్కడో దూరాన ఉన్న ఒక మూలం నుంచి లెక్కిస్తారు. ఇరవై లక్షల అడుగుల దూరమని రాసిన చోటు, అడుగు మారితే నాలుగడుగులు జరిగిపోతుంది. నాలుగడుగులంటే ఒకరి ప్రహరీగోడ! 2022 చివరికి ఆ పాత అడుగుకి సెలవిచ్చారు. అయినా పాత ఫైళ్ళలో అది ఇంకా కాపురముంటూనే ఉంది.

ఇక కంప్యూటర్ల సంగతి. 1982లో ఆటోకాడ్ అనే ప్రోగ్రాంతో పాటు, బొమ్మల్ని ఒకచోటి నుంచి మరోచోటికి పంపడానికి డీఎక్స్‌ఎఫ్ అనే ఫైలు వచ్చింది. అందులో గీతలుండేవి, అంకెలుండేవి. అవి అడుగులో మీటర్లో తొలిరోజుల్లో అది చెప్పేది కాదు. ఆ గీత రోడ్డు నడిమిగీతో, కాలవ గట్టో కూడా చూసేవాళ్ళే ఊహించుకోవాలి. పేర్లు రాయకుండా కందిపొడీ, కారప్పొడీ పొట్లాలు కట్టి ఊరికి పంపినట్టన్నమాట. అందుకని 2002లో ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతి తొలి ప్రమాణంగా స్థిరపడింది. ఇది ఏ అడుగో, మలుపు ఎంత గుండ్రమో, వాలు ఎంతో, అన్నీ పేర్లతో సహా రాసి పంపుతుంది. అలాగని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఇందులో ఉత్తరం లెక్క ముందు, తూర్పు లెక్క తరవాత. డీఎక్స్‌ఎఫ్‌లో తూర్పే ముందు. ఆ వరస చూసుకోకపోతే రోడ్డు కాస్తా ఊరు దాటి ఎక్కడో తేలుతుంది.

అన్నీ తెలిసినవాళ్ళకీ ఒక్కోసారి తప్పదు. జర్మనీ, స్విట్జర్లాండుల మధ్య రైన్ నది మీద లౌఫెన్‌బుర్గ్ దగ్గర వంతెన కట్టారు. ఎత్తులు కొలవడానికి జర్మనీవాళ్ళకి ఉత్తర సముద్రం ఆధారం, స్విస్‌వాళ్ళకి మధ్యధరా సముద్రం. రెండు లెక్కలకీ 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజనీర్లకి ముందే తెలుసు. సర్దుబాటు కూడా చేశారు. తీరా 2003లో చూస్తే రెండు ఒడ్లకీ 54 సెంటీమీటర్ల తేడా! 27 సరైన అంకే. కలపవలసిన చోట తీసేశారు, అంతే. చివరికి జర్మనీ వైపు ఎత్తు తగ్గించి, 2004లో వంతెన తెరిచారు.

ఈ కథ మా అమ్మాయికి చెప్పబోతే అది నవ్వి, తనకి ముందే తెలుసంది. ఫైలు మార్చిన ప్రతిసారీ నేల మీద ఎత్తూ, చోటూ ఖాయంగా తెలిసిన రెండు మూడు రాళ్ళని పట్టుకుని, కొత్త ఫైలులో అవి అక్కడే ఉన్నాయో లేదో చూసుకుంటుందట. ఒక్క రాయి కదిలినా ఫైలు గడప దాటదు. ఆ పూట ఇంటికి రావడం ఆలస్యమైతే, ఇప్పుడు నేను ఏమీ అనడం లేదు.