బుఖోల్జ్

ఢిల్లీ బేర్ సరాయ్‌లో అమ్మే ఇంజనీరింగ్ పోటీపరీక్షల పుస్తకాల్లో తరచూ ఎదురయ్యే మాట ఇది. జర్మన్ ఇంజనీరు మాక్స్ బుఖోల్జ్ 1921లో పేటెంటు పొందిన రిలేకు ఆయన ఇంటిపేరే స్థిరపడింది. ఆ ఇంటిపేరుకు అర్థం మాత్రం బీచ్ (beech) చెట్ల వనం.

ఈ రిలే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకుకూ, పైనుండే నూనె తొట్టి అయిన కన్జర్వేటర్‌కూ మధ్య గొట్టంలో ఉంటుంది. లోపంవల్ల నూనెలో పుట్టిన వాయువు మెల్లగా పోగైతే అలారం మోగుతుంది. నూనె ఒక్కసారిగా ఎగదన్నితే ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అవుతుంది, అంటే సరఫరా తెగిపోతుంది.

వాయువు బుడగలు కట్టకముందే నూనె నమూనాలో దాన్ని కొలిచేది డీజీఏ (కరిగిన వాయువుల విశ్లేషణ) పరీక్ష. ఎసిటిలీన్ కనిపిస్తే ఆర్కింగ్, ఇథిలీన్ పెరిగితే నూనె మితిమీరి కాగడం, కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే కాగితపు ఇన్సులేషన్ దెబ్బతినడం అనుమానిస్తారు. పాత నమూనాలతో పోల్చి చూశాకే నిర్ధారణ.