అక్కినేని శ్రీకర్ ప్రసాద్: ఏలూరు మూలాలున్న ఎడిటర్

అక్కినేని శ్రీకర్ ప్రసాద్ (జననం 1963) సినిమా ఎడిటర్. తెలుగు, తమిళ, మలయాళ, హిందీ, అస్సామీ చిత్రాలకు పనిచేసి 9 జాతీయ పురస్కారాలు అందుకున్నారు.

ఆయన కుటుంబానిది ఏలూరు దగ్గరి సోమవరప్పాడు. పెదనాన్న ఎల్.వి. ప్రసాద్ (1908–1994) ఆ ఊళ్లోనే పుట్టి, బొంబాయి చేరి 'ఆలం ఆరా' (1931)లో నటించి, తర్వాత 'షావుకారు', 'మిస్సమ్మ' తీశారు. తండ్రి సంజీవి ఎడిటర్. మద్రాసు విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివిన శ్రీకర్‌కు ఈ పని నేర్పింది తండ్రే.

అది ఫిలింను చేత్తో కోసి అతికించే కాలం. సెకనుకు 24 ఫ్రేములు. వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద చూసి, గుర్తు పెట్టి, కత్తిరించి అంటించాలి. మనసు మారితే అతుకు ఊడదీసి, పక్కన పెట్టిన ముక్క వెతికి మళ్లీ కలపాలి. అందుకే కోసే ముందే కోత ఎక్కడో తేల్చుకోవాల్సి వచ్చేది.

తొలి జాతీయ పురస్కారం హిందీ చిత్రం 'రాఖ్'కు వచ్చింది. అస్సామీ 'రాగ్ బిరాగ్', సంతోష్ శివన్ తీసిన 'ది టెర్రరిస్ట్', భారత్, ఫ్రాన్స్ కలిసి నిర్మించిన 'వానప్రస్థం' తర్వాతి వరుసలోవి. మణిరత్నం 'సఖి' (2000)లో ఆయన పనితనం తేలిగ్గా కనిపిస్తుంది. కనబడకుండా పోయిన భార్య కోసం భర్త వెతుకుతుంటే, వాళ్ల ప్రేమకథ మధ్యమధ్యలో వచ్చి పోతుంటుంది. చూసేవాడికి వెతుకులాట ఆత్రం తగ్గదు, గతమూ తికమక పెట్టదు. 'అమృత' మరో జాతీయ పురస్కారం తెచ్చింది. తెలుగులో 'నువ్వు నాకు నచ్చావ్', 'ఒక్కడు', 'అతడు' ఆయన కూర్చినవే.

ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్న నూజివీడు మరో ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు సొంతూరు. ఆయన అన్న గోపాలరావూ ఎడిటరే. దర్శకుడు రాజమౌళి మొదట్లో వెంకటేశ్వరరావు దగ్గర సహాయకుడిగా పనిచేశారు. 'స్టూడెంట్ నంబర్ 1' నుంచి 'బాహుబలి' దాకా ఆయన సినిమాలకు గురువే ఎడిటర్. 'ఆర్ఆర్ఆర్' (2022) మాత్రం శ్రీకర్ చేతికొచ్చింది.

అదే ఏడాది ప్రకటించిన 68వ జాతీయ పురస్కారాల్లో ఆయన్ను ఉత్తమ ఎడిటర్‌గా ఎంపిక చేసింది మాత్రం ముగ్గురు ఆడవాళ్ల కథలు చెప్పే చిన్న తమిళ చిత్రానికి: వసంత్ తీసిన 'శివరంజనియుం ఇన్నుం సిల పెణ్గళుం'.